తవుడు బొమ్మ

మా బావగారు సీమోనుని మా లంకలో ఒక్కరు కూడా చెడ్డమాట అనరు. నా చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

కొల్లేట్లో చుట్టుపక్కల ఏ లంకలో ఎవరు మునిగినా ముందు ఆయన కోసం పడవ పంపుతారు. మునిగిన మనిషిని బోర్లా ఎత్తి, పొట్ట తన నడినెత్తిన ఆనేలా పెట్టుకుని, గిరగిరా తిరుగుతాడు. తాగిన నీళ్ళు నోట్లోంచీ ముక్కులోంచీ కారిపోతాయి. నీళ్ళు పోతే ఊపిరి దానంతటదే వస్తుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. పండు అనే కుర్రాడు చిన్నప్పుడు చెరువు తూము దగ్గర పడితే ఆయన అలా తిప్పే బతికించాడంటారు. వాడికిప్పుడు మీసాలొచ్చాయి. బావగారు ఎదురైతే సైకిలు దిగి నడుస్తాడు. అంత పేరు ఆయనకి.

నా కూతురు దీవెనని కూడా ఆయనే తిప్పాడు. అది బతకలేదు.

నేను ఈ లంకకి ఏఎన్ఎంని. గర్భిణీలకి సూదులు, పిల్లలకి టీకాలు వేసే నర్సుని. పుట్టింది భీమడోలు, మెట్టింది ఈ నీళ్ళలో. దీవెన పోయిన రోజు నేను పక్క లంకలో పోలియో చుక్కలు వేస్తున్నాను. ఊరి పిల్లలందరికీ చుక్కలు వేసి వచ్చేసరికి నా పిల్లని చాప మీద పడుకోబెట్టి, తడిజుట్టు దువ్వి, పక్కన కూర్చుని ఉన్నారు. గట్టు మీద ఆడుకుంటూ జారిందట. చేపలకి మేత వేస్తున్న బావగారు చూసి, వేసిన మేత వేసినట్టే వదిలి దూకాడట. తీసి తలమీద పెట్టుకుని తిప్పాడట. కళ్ళు తిరిగి తనే పడిపోయి, లేచి మళ్ళీ తిప్పాడట. ఇదంతా నాకు ఊరు ఊరంతా చెప్పింది, ఒకరి తర్వాత ఒకరు, ఆయన గొప్పతనం చెబుతున్నట్టు.

నేను ఏడవలేదు. ఏడవకూడదని కాదు, రాలేదు. "నర్సు కదా, చావులు చూసిన మనిషి" అన్నారు కొందరు. "రాతిగుండె" అన్నారు ఇంకొందరు. రాయి అయితే బరువైనా ఉండాలి. నాకు అదీ లేదు. అన్నం తింటే ఉప్పు తెలిసేది, కారం తెలిసేది. ఆదివారం గుడిలో పాట పాడితే మాటలు తప్పేవి కావు. అంతకు మించి లోపల ఏమీ ఉండేది కాదు.

బావగారికి మాత్రం ఆ రోజు నుంచి మెడనొప్పి. నొప్పి బిళ్ళలు నేనే ఇచ్చేదాన్ని, మా ఆయన నెల్సన్ చేత పంపించేదాన్ని. మా ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడి కబుర్లు చెప్పదు. ఆయన నాతో చెప్పాలనుకున్నది నెల్సన్‌తో చెబుతాడు, నాకు వినబడేలా. గుడి బయట చెప్పులేసుకుంటూ ఎన్ని ఆదివారాలు అన్నాడో ఆ మాట.

"ఇంకో నాలుగు చుట్లు తిప్పుంటే దక్కేదిరా తమ్ముడూ. నా కాళ్ళే మోసం చేశాయి."

దీవెన పోయిన మరుసటి ఏడు, కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన గొడవలు కాస్త సద్దుమణిగాక, జిల్లాలో నర్సులకీ ఏఎన్ఎంలకీ ఏలూరులో ట్రైనింగ్ అని ఆర్డరు వచ్చింది. గుండె ఆగినవాళ్ళని, ఊపిరి ఆగినవాళ్ళని ఆసుపత్రికి చేరేదాకా ఎలా నిలబెట్టాలో నేర్పుతారట. అప్పటికి నూట ఎనిమిదికి ఫోను చేస్తే వచ్చే అంబులెన్సు వ్యాన్లు మొదలయ్యాయి కానీ మా లంకకి వ్యాను రాదు. రోడ్డు ఆగినచోట వ్యాను ఆగుతుంది, అక్కణ్ణించి పడవే. ఆ పడవ వచ్చేదాకా ప్రాణం పట్టుకుని కూర్చోవలసింది నేనేనని మా డాక్టరు గారు చెప్పి మరీ పంపారు.

హాల్లో బల్ల మీద ఒక ప్లాస్టిక్ బొమ్మ. నడుం దాకానే ఉంది. నా పక్కన తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన పరమేశ్వరి కూర్చుంది. మేమిద్దరం నర్సు చదువు కలిసి చదివాం. వాళ్ళది ఉల్లిపాయల వ్యాపారం, ఏ వస్తువు చూసినా ముందు బేరం ఆడే రకం.

"కాళ్ళు లేవు, చేతులు లేవు. వీడికి సంబంధం కుదర్చాలంటే మాటలు కాదే" అంది నా చెవిలో. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వవలసిన చోట నవ్వడం నాకు బాగానే వచ్చు.

నేర్పడానికి వచ్చినాయన కృష్ణమోహన్ గారని, ఆపరేషన్లకి మత్తిచ్చే డాక్టరు. మెత్తటి మనిషి. రొమ్ముకి సరిగ్గా నడిమధ్య చేతులు పెట్టి ఎలా నొక్కాలో, ముప్ఫై నొక్కులు నొక్కి రెండుసార్లు నోట్లోకి ఊపిరి ఎలా ఊదాలో చేసి చూపించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నీళ్ళలో మునిగినవాళ్ళ సంగతి ఎత్తారు.

"ముందు మీరు చెప్పండి సిస్టర్ గారూ. మీ ఊళ్ళల్లో మునిగినవాళ్ళకి ఏం చేస్తారు?"

"ఉప్పు రాశి పోసి అందులో పడుకోబెడతారండీ" అంది ఒకావిడ.

"కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీస్తారండీ."

"తలమీద పెట్టుకుని తిప్పుతారండీ. మా కొల్లేటి వైపు అదేనండీ" అంది వెనక నుంచి ఎవరో, తను చేత్తో తిప్పి చూపిస్తూ. హాలంతా నవ్వులు.

ఆయన అన్నీ బోర్డు మీద రాసి, ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చారు. తిప్పడం దగ్గర ఆగారు.

"తిప్పితే కారేది పొట్టలో నీళ్ళండీ. ప్రాణం ఉండేది అక్కడ కాదు. మనం తిప్పినంతసేపూ ఆ మనిషికి గాలి లేదు. గట్టున పడుకోబెట్టి వెంటనే ఊపిరి ఊదాలి, గుండె నొక్కాలి. నీళ్ళు కక్కించడం కోసం ఒక్క క్షణం కూడా ఆగకూడదండీ. అర్థమైందా?"

అర్థమైందండీ అన్నారు అందరూ. పరమేశ్వరి నవ్వు ఆపేసి నా మోచెయ్యి పట్టుకుంది. తనకి దీవెన సంగతి తెలుసు. నేను చెయ్యి విడిపించుకుని లేచి నిలబడ్డాను.

"సార్, అలా తిప్పకుండా, తీసిన వెంటనే ఊపిరి ఊదితే పిల్లలు బతుకుతారా అండీ?"

"తొందరగా పైకి తీసిన పిల్లలైతే చాలామంది బతుకుతారండీ. అందరూ అని చెప్పలేను. ఏం, మీ దగ్గర ఎవరికైనా అయిందా?"

"లేదండీ" అని కూర్చున్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. బహుశా నవ్విన వాళ్ళందరూ ఒక్కసారి నా వైపు తిరిగి అయ్యో అంటారని కావచ్చు. అయ్యోలు నా దగ్గర చాలానే ఉన్నాయి, పెట్టుకోవడానికి చోటు లేదు.

తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి బొమ్మ మీద చేయించారు. కొందరికి చేతులు వణికాయి, కొందరు లెక్క తప్పారు, ఒకామె బొమ్మ నోటికి నోరు ఆనించడానికి సిగ్గుపడింది. నా వంతు వచ్చింది. నొక్కాను, ఊదాను, నొక్కాను. కృష్ణమోహన్ గారు అందర్నీ దగ్గరికి పిలిచారు.

"ఈవిడ చేతులు చూడండి. వణుకు లేదు, కంగారు లేదు. ఇలా ఉండాలి మనిషి" అన్నారు.

మెచ్చుకోలు అంటే ఏమిటో ఒకప్పుడు నాకు తెలుసు. ఆ పూట అది పక్కింటి రేడియోలో వార్తల్లా వినబడింది.

వెళ్ళేముందు ఆయన ఒక మాట గట్టిగా చెప్పారు. ఎవరి ఊళ్ళో వాళ్ళు జనాన్ని పోగుచేసి ఇది నేర్పాలి. ఏలూరు స్టేషన్లో ప్యాసింజరు కోసం కూర్చున్నప్పుడు పరమేశ్వరి వేరుశనక్కాయల పొట్లం నా ఒళ్ళో పెట్టి, నా మొహంలోకి చూస్తూ అడిగింది.

"మీ బావగారికి చెబుతావటే?"

"చెప్పకుండా ఊరికి ఎలా నేర్పను? తిప్పకూడదు అన్నానంటే ఆయనకి చెప్పినట్టేగా."

"నేర్పకపోతే?"

"రేపు ఇంకోళ్ళ పిల్లని తిప్పుతాడు."

"ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి" అంది పరమేశ్వరి. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్కసారి ఏడవ్వే తల్లీ. ఇక్కడ నిన్నెరిగినవాళ్ళు ఎవరూ లేరు. నేను అడ్డం కూర్చుంటాను" అంది.

"రావట్లేదే" అన్నాను. వేరుశనక్కాయలు బాగా వేగాయి. అన్నీ తినేశాను.

ఇంటికి వచ్చి నెల్సన్‌కి అంతా చెప్పాను. వల బాగుచేసుకుంటున్నవాడు చేతిలో పని ఆపకుండానే విన్నాడు. ఆఖర్న చేతిలో దారం తెగింది.

"వద్దు పెర్సిస్. అన్నయ్య తట్టుకోలేడు. ఆ మనిషి నాలుగు మెతుకులు తింటున్నాడంటే, పిల్ల కోసం చేతనైనంత చేశానన్న ఒక్క మాట మీదే. అది కూడా లాగేస్తే ఏం మిగులుద్ది ఆయనకి?"

"నాకేం మిగిలింది?"

ఆ మాట అన్నది కోపంతో కాదు, నిజంగానే అడిగాను. నెల్సన్ చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్ళిపోయాడు. అతను కూడా తండ్రే. పోయినది ఇద్దరికీ పోయింది. ఉన్న ఒక్క అన్నయ్యని కూడా పోగొట్టుకోమని నేను అడుగుతున్నాను.

అందుకని వాయిదా వేశాను. టీకాల పని ఉందన్నాను, వానలన్నాను. అలా ఎంతకాలం జరిపేదాన్నో కానీ, ఒక పొద్దున కొల్లేటికోట వైపు నుంచి కేకలేసుకుంటూ పడవ వచ్చింది. పిల్లాడు కనబడటం లేదు, నీళ్ళలో పడ్డాడేమో, సీమోను గారు రావాలి. బావగారు చద్దన్నం ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే, మెడ ఒక పక్కకి వాల్చుకుని పరిగెత్తాడు. మధ్యాహ్నానికి నవ్వుకుంటూ తిరిగొచ్చాడు. ఆ వెధవాయి గడ్డివామి వెనకాల నిద్రపోతున్నాడట.

ఊరంతా నవ్వింది. నేను వాకిట్లో నిలబడి ఆయన పరిగెత్తిన దారి చూస్తూ ఉండిపోయాను. పిల్లాడు నిజంగా నీళ్ళలో ఉండి ఉంటే ఈయన తిప్పేవాడు. కాళ్ళు మోసం చేయకుండా, ఈసారి ఇంకో నాలుగు చుట్లు ఎక్కువే తిప్పేవాడు. ఆ రోజే అంగన్‌వాడీకి వెళ్ళి ఆదివారం గుడయ్యాక అందర్నీ పోగుచేయమని చెప్పాను.

నా దగ్గర ప్లాస్టిక్ బొమ్మ లేదు. అంగన్‌వాడీ ఆయా వెంకటనరసమ్మ గారు చేపల మేతకి తెచ్చిన తవుడు దిండుగలీబులో కూరి, మెడ దగ్గర తాడుతో బిగించి, పిల్లంత బొమ్మని తయారు చేశారు. నేను వెళ్ళేసరికి దానికి కాటుకతో కళ్ళు, ముక్కు, నోరు దిద్ది, బుగ్గన చుక్క కూడా పెట్టేశారు.

"దిష్టి తగలకుండా పెట్టానమ్మా" అన్నారు. ఆవిడని ఏమంటాం.

జనం సినిమాకి వచ్చినట్టు వచ్చారు. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. బావగారు తువ్వాలు మెడకి చుట్టుకుని గుమ్మం పక్కన కూర్చున్నాడు. నెల్సన్ బయట అరుగు మీదే ఉండిపోయాడు.

మొదట గుండెపోటు గురించి చెప్పాను. కరెంటు షాకు గురించి చెప్పాను. నీళ్ళ ఊసు ఎత్తలేదు. కొల్లేటి నడిమధ్య కూర్చుని నీళ్ళ ఊసు ఎత్తని దాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. చివరికి వెంకటనరసమ్మ గారే అడిగేశారు.

"మరి నీళ్ళలో పడితేనో తల్లీ? తిప్పాక ఇది చెయ్యాలా, తిప్పకముందా?"

"అసలు తిప్పకూడదండీ" అన్నాను.

తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. బావగారు నన్ను చూడలేదు, బొమ్మని చూస్తున్నాడు. నాతో నేరుగా ఎప్పుడూ మాట్లాడని మనిషి, అందరి ముందూ మాట్లాడాడు.

"అమ్మాయ్. ఆ రోజు నేను తిప్పకుండా ఇది చేసుంటే, మన పిల్ల బతికేదా?"

నా పిల్ల అనలేదు, నీ పిల్ల అనలేదు. బయట అరుగు మీద నెల్సన్ లేచి నిలబడటం కిటికీలోంచి కనబడింది.

"లేదు బావగారూ" అన్నాను. "మీరు తీసేసరికే ఆలస్యం అయిపోయింది. ఏం చేసినా దక్కేది కాదు."

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. బావగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నెల్సన్ మళ్ళీ కూర్చున్నాడు. అబద్ధం ఇంత మంచి పని చేస్తుందని నాకు అంతవరకు తెలియదు.

"అంతే కదమ్మా మరి" అన్నారు వెంకటనరసమ్మ గారు తేలిగ్గా. "ఆయుస్సు మూడితే ఎవరేం చేస్తారు. అంటే తిప్పటం వల్ల చెడిందేం లేదు. మన సీమోను ముందు నాలుగు చుట్లు తిప్పేస్తాడు, ఆనక అమ్మాయి చెప్పినట్టు నొక్కుదాం. రెండూ అయిపోతాయి."

"అదే మంచిది" అన్నారు మగవాళ్ళు. బావగారు కూడా తలాడించాడు. "అంతేనమ్మా. ముందు నీళ్ళు తీసేసి, అప్పుడు ఇది" అన్నాడు.

ఎంత ఒద్దికగా కలిపేశారో. నేను ఏలూరు వెళ్ళి నేర్చుకొచ్చింది, వాళ్ళ తాతలనాటిది, రెండూ ఒకే విస్తట్లో వడ్డించేశారు. ఆ నాలుగు చుట్లలో పోయేది ఎవరి పిల్లో ఇంకా తెలియదు, అంతే తేడా.

"కాదు బావగారూ" అన్నాను.

మళ్ళీ అందరూ నా వైపు చూశారు.

"ఇందాక నేను అబద్ధం చెప్పాను. మీరు తొందరగానే తీశారు. తీసిన వెంటనే ఊపిరి ఊది ఉంటే బతికేదేమో. మీరు తిప్పినంతసేపూ దానికి గాలి అందలేదు. మీరు ఎక్కువ తిప్పిన కొద్దీ ఎక్కువ అందలేదు."

నెల్సన్ గుమ్మంలోకి వచ్చి, "పెర్సిస్!" అని ఒక్క అరుపు అరిచాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ అతను నా మీద గొంతెత్తడం అదే మొదలు. చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు బావగారి మీద జాలి కలగలేదు. హాయిగా ఉంది. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే మోస్తున్నదాన్ని ఇంకొకరి నెత్తిన దించానన్న హాయి. అంత నీచమైనదైనా సరే, ఏడాది తర్వాత నాకు కలిగిన మొదటి భావం అదే.

ఎవరూ బావగారి దగ్గరికి వెళ్ళలేదు. ఆయన తువ్వాలు తీసి గుమ్మంలో పెట్టి, అడ్డొచ్చిన తమ్ముణ్ణి చేత్తో పక్కకి జరిపాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. లోపలికి వచ్చి బొమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఎక్కడ నొక్కాలి?" అన్నాడు.

చేతులు తీసుకెళ్ళి పొట్ట మీద పెట్టాడు. అన్నేళ్ళ అలవాటు, ఆయన చేతులకి తెలిసిన చోటు అదే. నేను ఎదురుగా కూర్చుని ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. వలలు లాగి లాగి అరచేతులు చెక్కలా అయిపోయాయి. వాటిని రొమ్ము నడిమధ్యకి తెచ్చి పెట్టాను. బావగారిని ముట్టుకున్నానని తప్పు పట్టేవాళ్ళు ఆ గదిలో చాలామందే ఉన్నారు, ఎవరూ నోరెత్తలేదు.

ఆయన నొక్కాడు. తవుడు అణగనంత మెల్లగా నొక్కాడు.

"ఇంకా గట్టిగా నొక్కాలి బావగారూ."

ఇంకొంచెం నొక్కాడు.

"కాదు. ఇంకా లోపలికి పోవాలి. మీ బలమంతా పెట్టండి."

ఆయన ఆగిపోయాడు. తలెత్తి తిన్నగా నా మొహంలోకి చూశాడు.

"అంత గట్టిగా నొక్కితే పిల్లకి నొప్పెట్టదా అమ్మాయ్?"

ఆ గదిలో ఇంకెవరికైనా అది తవుడు బొమ్మేనేమో. ఆయనకి కాదు.

"నొప్పెట్టనివ్వండి" అన్నాను. "నొప్పి తెలిసి ఏడిస్తే బతికినట్టే బావగారూ. నొక్కండి."

ఆయన నొక్కాడు. కాటుక కళ్ళ బొమ్మ లోపలికి అణిగి పైకి లేచింది. నేను లెక్క మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఎక్కడో మధ్యలో నా గొంతు నా మాట వినలేదు. రొమ్ములో పట్టేసింది. ఒట్టి నొప్పి, భరించలేనంత నొప్పి, కిందికి వంగిపోయేంత నొప్పి. నా నోట్లోంచి వచ్చిన చప్పుడు నాకే కొత్తగా ఉంది. వెంకటనరసమ్మ గారు పరిగెత్తుకొచ్చి నా వీపు మీద చెయ్యి వేశారు.

బావగారు ఏడుస్తూనే నొక్కుతున్నాడు, చేతులు మాత్రం తీయలేదు.

"లెక్క పెట్టు అమ్మాయ్" అన్నాడు. "తప్పిపోతున్నాను."

ముక్కు చీదుకుని, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.